ఈ బగ్ భద్రతా లోపమేనా?

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వినిపిస్తోందా? సరే.

ముందుగా చిన్న పరీక్ష. రెండు బగ్‌లు చెప్తాను. రెండూ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఒకప్పుడు నిజంగా ఉన్నవే. ఏది భద్రతా లోపం అనిపిస్తే దానికి చెయ్యెత్తండి.

మొదటిది. టేబుల్‌ మీద రాతలు ఆపకుండానే ఇండెక్స్, అంటే రికార్డులు త్వరగా వెతకడానికి వాడే సూచిక, కట్టే సౌకర్యం ఒకటుంది కదా, క్రియేట్ ఇండెక్స్ కాంకరెంట్లీ అని. 14వ వెర్షన్ తొలి విడుదలల్లో అది దెబ్బతింది. ఇండెక్స్ కడుతున్నప్పుడు పక్కన ఎవరైనా రికార్డులు మారుస్తుంటే, కొన్ని రికార్డులు ఇండెక్స్‌లోకి ఎక్కకుండా మిగిలిపోయేవి. ఎర్రర్ రాదు. లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. ఆ తర్వాత ఇండెక్స్ ద్వారా వెతికితే, టేబుల్లో ఉన్న రికార్డే లేదని చెప్తుంది. దీని కోసం మామూలు షెడ్యూల్ వచ్చేదాకా ఆగకుండా 2022 జూన్ 16న 14.4 విడుదల చేశారు.

రెండోది. నాకు ఒక టేబుల్లో ఫోన్ నంబర్ కాలమ్ మార్చే అనుమతి మాత్రమే ఉంది. మిగతా కాలమ్‌లు చూసే అనుమతి లేదు. ఫోన్ నంబర్ ఖాళీగా ఉండకూడదని అక్కడ నిబంధన ఉంది. నేను కావాలని దాన్ని ఖాళీ చేయబోయాను. కుదరదంది. దాంతోపాటు, ఫలానా రికార్డు దగ్గర తేడా వచ్చిందంటూ ఆ రికార్డు మొత్తాన్ని ఎర్రర్ మెసేజ్‌లో అచ్చేసింది. అందులో జీతం కాలమ్ కూడా ఉంది.

మొదటిదానికి ఎంతమంది? దాదాపు అందరూ. రెండోదానికి? నలుగురు... ఐదుగురు.

ఆ ఐదుగురిదే కరెక్టు. మొదటిదానికి సీవీఈ నంబరే, అంటే భద్రతా లోపాలను గుర్తించడానికి ఇచ్చే నంబరే, ఇవ్వలేదు. రెండోదానికి ఇచ్చారు, సీవీఈ-2014-8161. (సభలో నవ్వులు.) నవ్వకండి, నేనూ మొదట్లో మీలాగే చెయ్యెత్తేవాణ్ని.

మొదటి బగ్ వల్ల జరిగే నష్టం పెద్దది. ఒక్క రాత్రిలో ఒక కంపెనీ లెక్కలన్నీ తారుమారు కావచ్చు. రెండోదానిలో బయటపడేది మహా అయితే ఒక రికార్డు. అయినా ఇలాంటి రిపోర్టులు చూసి తేల్చే మేం అడిగేది నష్టం ఎంత అని కాదు. ఎవరో ఒకరు, తమకు లేని అధికారాన్ని ఈ బగ్ వల్ల సంపాదించగలరా? అంతే. ఇండెక్స్ బగ్‌తో ఎవరికీ కొత్తగా ఏ అధికారమూ రాలేదు, అందరూ కలిసి నష్టపోయారు. ఎర్రర్ మెసేజ్ బగ్‌లో, నాకు చూపించనని డేటాబేస్ మాటిచ్చిన జీతం నాకు కనిపించింది. సర్వర్ ఆ గీత దాటనివ్వనంది, నేను దాటాను.

అందుకే రిపోర్టు రాగానే నేను కాగితం మీద రెండు ముక్కలు రాసుకుంటాను. ఈ మనిషి చేతిలో ముందు ఏముంది? బగ్ వాడాక ఏముంది? రెండూ ఒకటే అయితే అది మామూలు బగ్. తొందరగా సరిచేయాల్సిందే, కాదనను. కానీ దాన్ని నలుగురిలో పెట్టి మాట్లాడుకోవచ్చు.

వినడానికి తేలిగ్గానే ఉంది. అసలు గొడవంతా ఆ గీత ఎక్కడుందన్న దగ్గరే మొదలవుతుంది.

పోస్ట్‌గ్రెస్‌లో కాపీ కమాండ్‌కి ప్రోగ్రామ్ అనే తోక తగిలిస్తే, సర్వర్ మెషీన్ మీద మీరు చెప్పిన ఆపరేటింగ్ సిస్టమ్ కమాండ్ నడుస్తుంది. 2013లో 9.3 వెర్షన్‌తో వచ్చింది. 2019లో ఒకరు దీన్ని లోపంగా రిపోర్టు చేస్తే సీవీఈ-2019-9193 అనే నంబర్ కూడా వచ్చేసింది. డేటాబేస్ నుంచి ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి దూరిపోవచ్చని గోల మొదలైంది. పోస్ట్‌గ్రెస్ వాళ్లు మాత్రం ఇది భద్రతా లోపం కాదని తేల్చి చెప్పారు. ఆ నంబర్ ఇప్పటికీ ఉంది, వివాదంలో ఉందన్న ముద్రతో.

వాళ్ల వాదన వినండి. ఆ కమాండ్ వాడాలంటే సూపర్‌యూజర్ అయినా కావాలి, లేదా 11వ వెర్షన్ నుంచి ఉన్న ప్రత్యేక రోల్, అంటే కొన్ని అనుమతులున్న హోదా, అయినా ఎవరైనా చేతులారా ఇచ్చి ఉండాలి. సూపర్‌యూజర్ అంటే ఎవరు? తనకు నచ్చిన సీ లైబ్రరీని సర్వర్‌లోకి లోడ్ చేయగలడు, సర్వర్ మెషీన్ మీద ఫైళ్లు రాయగలడు. అంటే డేటాబేస్ సర్వర్ ఏ ఆపరేటింగ్ సిస్టమ్ యూజర్ కింద నడుస్తోందో, ఆ యూజర్‌తో సమానం. ఆ ఇద్దరి మధ్యా గోడ ఉందని పోస్ట్‌గ్రెస్ ఎప్పుడూ చెప్పలేదు. లేని గోడ దూకాడని ఎవరి మీద కేసు పెడతాం? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, ఇక్కడైతే ఆయన దొంగ కూడా కాదు, ఇంటి యజమానే.

మరి వెబ్ అప్లికేషన్‌ని సూపర్‌యూజర్ లాగిన్‌తో కనెక్ట్ చేసినవాళ్ల సంగతి? చేస్తారండీ, చాలామంది చేస్తారు. అప్పుడు ఆ అప్లికేషన్‌లో ఒక్క ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్, అంటే బయటివాడు తన డేటాబేస్ కమాండ్లను చొప్పించగలిగే సందు, దొరికితే చాలు, మెషీన్ మొత్తం పోతుంది. అక్కడ లోపం నిజంగానే ఉంది, కానీ ఉన్నది అప్లికేషన్‌లోనూ, దాన్ని అలా అమర్చిన చోటా.

ఇంతవరకూ నేను పోస్ట్‌గ్రెస్ పక్షమే. కానీ ఈ వాదన వినీ వినీ మావాళ్లలో కొందరికి ఒక చెడ్డ అలవాటు అబ్బింది. ఏ రిపోర్టు వచ్చినా, డాక్యుమెంటేషన్‌లో రాసినట్టే పనిచేస్తోంది కాబట్టి లోపం కాదని మూసేయడం. దానికి నేను ఎప్పుడూ చూపించే కేసు సీవీఈ-2018-1058.

ఇది కాస్త నిదానంగా చెప్తాను, బాగుంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో పబ్లిక్ అనే స్కీమా ఉంటుంది. స్కీమా అంటే టేబుళ్లు, ఫంక్షన్లు పెట్టుకునే ఒక అర. అప్పట్లో డేటాబేస్‌లోకి రాగలిగిన ప్రతివాళ్లూ అందులో టేబుళ్లు, ఫంక్షన్లు పెట్టుకోవచ్చు. ఇది డాక్యుమెంటేషన్‌లో ఉంది. ఫంక్షన్ పేరు పిలిస్తే సర్వర్ ముందు తన సొంత స్కీమాలో వెతుకుతుంది, తర్వాత పబ్లిక్‌లో. ఇదీ ఉంది. ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు దొరికితే, ఇచ్చిన డేటా టైపుకి అచ్చంగా సరిపోయేదాన్ని ఎంచుకుంటుంది. ఇదీ ఉంది. మూడూ విడివిడిగా చూస్తే ఎక్కడా తప్పు లేదు.

ఇప్పుడు చూడండి. అక్షరాలను చిన్నవి చేసే లోయర్ ఫంక్షన్ టెక్స్ట్ టైపు తీసుకుంటుంది. నేను ఏ అధికారమూ లేని మామూలు యూజర్ని. పబ్లిక్‌లో అదే పేరుతో నా సొంత లోయర్ పెట్టాను, కాకపోతే అది వార్‌చార్ అనే ఇంకో రకం అక్షరాల టైపు తీసుకుంటుంది. పెట్టి ఊరుకున్నాను. మర్నాడు సూపర్‌యూజర్ వచ్చి, వార్‌చార్ కాలమ్ మీద మామూలుగా లోయర్ పిలిచాడు. టైపు అచ్చంగా కుదిరింది నాదే కాబట్టి నా ఫంక్షన్ నడిచింది. నడిచింది ఎవరి అధికారంతో? సూపర్‌యూజర్ అధికారంతో. లోపల నేనేం రాసుకుంటే అది జరిగిపోతుంది. నాకు సూపర్‌యూజర్ హక్కులు ఇచ్చేయమని రాసుకున్నాననుకోండి, అదీ జరుగుతుంది.

నా కాగితం మీద ముందు ఏముంది? మామూలు యూజర్. తర్వాత? సూపర్‌యూజర్. గీత దాటాడు. ప్రతి ముక్కా చెప్పినట్టే పనిచేసింది, అయినా ఇది లోపమే. పోస్ట్‌గ్రెస్ వాళ్లు కూడా ఒప్పుకున్నారు. 2018 మార్చిలో బ్యాకప్ తీసే టూల్స్ వంటివాటిని సరిచేశారు, జాగ్రత్తలు రాశారు. పబ్లిక్‌లో అందరికీ ఉన్న ఆ అనుమతిని తీసేసింది మాత్రం 2022లో, 15వ వెర్షన్‌లో. మధ్యలో నాలుగేళ్లు ఎందుకంటే, ఆ అనుమతిని నమ్ముకుని నడిచే అప్లికేషన్లు లెక్కలేనన్ని. ఒక్కసారిగా తీసేస్తే అన్నీ ఆగిపోతాయి.

(ప్రేక్షకుల్లోంచి ప్రశ్న: "మరి క్లౌడ్‌లో మాకు సూపర్‌యూజర్ ఇవ్వరు కదా, అక్కడ?")

మంచి ప్రశ్న అడిగారమ్మా. అక్కడ గీత పక్కకు జరుగుతుంది. క్లౌడ్ కంపెనీ మీకు సూపర్‌యూజర్ కంటే ఓ మెట్టు కిందున్న రోల్ ఇస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి మీరు పోలేరని మాటిస్తుంది. అది పోస్ట్‌గ్రెస్ ఇచ్చిన మాట కాదు, వాళ్లు సొంతంగా కట్టుకున్న గోడ. కాబట్టి కాపీ ప్రోగ్రామ్ మీకు అక్కడ నడిచిందంటే, అది ఖచ్చితంగా భద్రతా లోపం. రిపోర్టు మాత్రం క్లౌడ్ కంపెనీకి పంపాలి. అదే కోడ్, అదే కమాండ్, ఒకచోట ఫీచర్, ఇంకోచోట లోపం.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన బగ్. ఇష్టమంటే, పాఠం చెప్పడానికి. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ అనే డేటాబేస్‌లలో 2012లో బయటపడింది, సీవీఈ-2012-2122. ఇలాంటివి రిపోర్టుగా వచ్చినప్పుడు ఎలా ఉంటాయంటే, తప్పు పాస్‌వర్డ్ కొట్టినా అప్పుడప్పుడూ లాగిన్ అవుతోంది, అని ఉంటుంది. అప్పుడప్పుడూ అన్న మాట చూడగానే మన చెయ్యి ఎటు పోతుంది? నా దగ్గర రావట్లేదు అని మూసేయడానికి.

లోపల జరిగింది ఇది. లాగిన్ అప్పుడు సర్వర్ ఒక కొత్త స్ట్రింగ్, అంటే అక్షరాల వరస, పంపుతుంది. క్లయింట్ దాన్ని పాస్‌వర్డ్‌తో కలిపి లెక్కగట్టి 20 బైట్ల జవాబు పంపుతుంది. సర్వర్ తనవైపు లెక్కతో దాన్ని పోలుస్తుంది. పోల్చడానికి వాడింది సీ భాషలో ఉండే మెమ్‌కంప్ అనే ఫంక్షన్. రెండూ సమానమైతే అది సున్నా ఇస్తుంది. కాకపోతే సున్నా కాని ఏదో ఒక సంఖ్య. ఎంత పెద్ద సంఖ్య అన్నది భాషా ప్రమాణం చెప్పదు. మైఎస్‌క్యూఎల్ కోడ్ ఆ సంఖ్యను తీసుకుని ఒక్క బైట్‌లో కుక్కింది. 512 అనే సంఖ్యను ఒక్క బైట్‌లో పెడితే ఏం మిగులుతుంది? సున్నా. సున్నా అంటే? పాస్‌వర్డ్ సరిపోయింది, లోపలికి రండి!

మామూలు మెమ్‌కంప్‌లు చిన్న సంఖ్యలే ఇచ్చేవి కాబట్టి చాలా మెషీన్ల మీద ఇది ఎప్పటికీ కనిపించదు. కొన్ని లైనక్స్ బిల్డ్‌లలో, వేగం కోసం మలిచిన మెమ్‌కంప్ పెద్ద సంఖ్యలు ఇచ్చేది. అక్కడ ప్రతి ప్రయత్నానికీ 256లో ఒక వంతు అవకాశం. సర్వర్ పంపే స్ట్రింగ్ ప్రతిసారీ మారుతుంది కాబట్టి ప్రతి ప్రయత్నమూ కొత్త లాటరీయే. మూడొందలసార్లు తడితే తలుపు తెరుచుకునే అవకాశం దాదాపు 69 శాతం. వెయ్యిసార్లయితే 98. యూజర్‌నేమ్ తెలియాలి, నిజమే. రూట్ అనే యూజర్ ఉంటాడని ఎవరికి తెలియదు?

కాబట్టి నా దగ్గర రావట్లేదన్నది జవాబు కాదు. దాడి చేసేవాడికి ప్రతి మెషీన్ మీదా పనిచేయనక్కర్లేదు, ఒక్కచోట చాలు. అందులోనూ పాస్‌వర్డ్ సరిచూసే కోడ్‌లో వచ్చిన బగ్ ఇది. కంచే చేను మేస్తుంటే, రోజుకి ఎన్నిసార్లు మేస్తోందని లెక్కపెట్టుకుంటూ కూర్చోం కదా.

క్రాష్‌ల గురించి చెప్పమని ముందే ఒకరు చీటీ పంపారు. ఇది పెద్ద తగాదా, దీంట్లో రెండు పెద్ద సంస్థలే రెండు రకాలుగా నడుస్తాయి. లాగిన్ అయిన యూజర్, నియమం ప్రకారం సరైన క్వెరీతోనే సర్వర్‌ని పడుకోబెడితే, దాన్ని పోస్ట్‌గ్రెస్ వాళ్లు సాధారణంగా లోపంగా లెక్కపెట్టరు. అటు మైఎస్‌క్యూఎల్ యజమాని ఒరాకిల్ మూడు నెలలకోసారి ఇచ్చే ప్యాచ్ జాబితాలు తెరవండి. మైఎస్‌క్యూఎల్ కింద వరసగా కనిపిస్తాయి: ఎక్కువ అధికారాలున్న యూజర్ సర్వర్‌ని హ్యాంగ్ చేయగలడు, తీవ్రత స్కోర్ 4.9. కిందకి పొండి, మళ్లీ 4.9. ఇంకొంచెం కిందకి, మళ్లీ 4.9. (సభలో నవ్వులు.) పదికి 4.9 అంటే డేటా చదవలేడు, మార్చలేడు, కానీ సర్వర్‌ని పూర్తిగా ఆపగలడు, అదీ ముందే పెద్ద అధికారాలుంటే.

నేను పోస్ట్‌గ్రెస్ వైపు మొగ్గుతాను. ఎస్‌క్యూఎల్ రాయనిచ్చాక సర్వర్‌ని ఉక్కిరిబిక్కిరి చేయడానికి బగ్ ఎందుకు? నాలుగు పెద్ద టేబుళ్లను ఏ షరతూ లేకుండా జాయిన్ చేసి చూడండి. అయితే ఒక మెలిక ఉంది. క్రాష్ ఎందుకైందో చూడకుండా ఆ మాట అనకూడదు. సర్వర్ లోపల ఒక హెచ్చరిక మేల్కొని తనంతట తాను ఆగిపోయిందా, లేక తనది కాని మెమరీలోకి రాయబోయి కూలిందా? రెండోదైతే ఈ రోజు క్రాష్, తెలివైనవాడి చేతిలో పడితే రేపు సర్వర్ మీద పెత్తనం. సీవీఈ-2021-32027 అలాంటిదే. అర్రే సబ్‌స్క్రిప్ట్, అంటే జాబితాలో ఎన్నో స్థానమో చెప్పే సంఖ్య, హద్దులు సరిగా చూడకపోవడం వల్ల, లాగిన్ అయిన మామూలు యూజర్ సర్వర్ మెమరీలో తనకు కావలసిన బైట్లు రాసేయగలిగేవాడు.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అప్పట్లో నేనున్న టీమ్ పేరు చెప్పను. మాకో రిపోర్టు వచ్చింది. ఒక మెసేజ్‌లో పొడవు చెప్పే చోట నెగటివ్ సంఖ్య పెడితే సర్వర్ ప్రాసెస్ పడిపోతోంది, వెంటనే తిరిగి లేస్తోంది. శుక్రవారం సాయంత్రం. క్రాష్ కదా, లేస్తోంది కదా అనుకుని, మామూలు బగ్ అని రాసి పబ్లిక్ ట్రాకర్‌లోకి, అంటే ఎవరైనా చూడగల బగ్‌ల జాబితాలోకి, తోసేశాను. రాత్రి పదింటికి ఒక సహోద్యోగి ఫోన్ చేసింది. ఒకే ప్రశ్న అడిగింది: "ఈ మెసేజ్ లాగిన్‌కి ముందు వెళ్తుందా, తర్వాతా?"

నేను చూడలేదు. చూస్తే, ముందే. అంటే పాస్‌వర్డ్ తెలియని ఏ అనామకుడైనా పోర్టు తెరిచి ఉంటే చాలు, మా సర్వర్‌ని గంటకి వెయ్యిసార్లు పడగొట్టొచ్చు. ఆ అనామకుడి చేతిలో ముందు ఏమీ లేదు. ఇందాక చెప్పిన క్రాష్ వాదన ఇతనికి అస్సలు వర్తించదు, ఎందుకంటే ఇతన్ని ఎస్‌క్యూఎల్ రాయనిస్తామని మేం ఎవరికీ చెప్పలేదు. నాలుగు గంటలు అది అందరికీ కనిపిస్తూ ఉండిపోయింది. ఆ వారాంతం నేను పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అప్పట్నుంచి రిపోర్టు తెరవగానే, టైటిల్ కంటే ముందు నేను వెతికేది లాగిన్ ఎక్కడుందనే.

లాగిన్‌కి ముందు ఎంత చిన్న తప్పయినా ఎంత దూరం పోతుందో చూడాలంటే 2013 ఏప్రిల్ 4న పోస్ట్‌గ్రెస్ సరిచేసింది చూడండి, సీవీఈ-2013-1899. కనెక్ట్ అయ్యేటప్పుడు డేటాబేస్ పేరు అడుగుతారు కదా. ఆ పేరు అడ్డగీతతో మొదలైతే, సర్వర్ దాన్ని పేరుగా కాకుండా కమాండ్ లైన్ ఆప్షన్‌గా చదివేసేది. దాంతో పాస్‌వర్డ్ లేనివాడు కూడా సర్వర్ డేటా డైరెక్టరీలో ఉన్న ఫైళ్లను పాడుచేయగలడు. ఒక్క అడ్డగీత! విడుదలకి ముందు మార్పులు బయటికి కనిపించకుండా తమ కోడ్ రిపాజిటరీకి ఉన్న మిర్రర్లను, అంటే అందరూ చూసే నకళ్లను, కూడా కొన్నాళ్లు ఆపేశారు.

ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ గురించి రెండు మాటలు. దాని లెక్క వేరు, ఎందుకంటే అది సర్వర్ కాదు, మీ ప్రోగ్రామ్‌లోనే కూర్చునే లైబ్రరీ. యూజర్లు లేరు, పాస్‌వర్డ్‌లు లేవు, అనుమతులు లేవు. ఎస్‌క్యూలైట్ మీద వచ్చే సీవీఈలలో ఎక్కువ భాగానికి, దాడి చేసేవాడు తనకు నచ్చిన ఎస్‌క్యూఎల్ నడపగలగాలి, లేదా పాడుచేసిన డేటాబేస్ ఫైల్‌ని మీతో తెరిపించగలగాలి. మీ ఫోన్ యాప్‌లో క్వెరీలన్నీ మీరే రాసుకున్నవైతే, వాడికి ఆ అవకాశమే లేదు. అందుకని ఎస్‌క్యూలైట్ రచయితలు ఈ సీవీఈలను చూసి అంతగా కంగారుపడరు. కానీ 2018లో టెన్సెంట్ కంపెనీ భద్రతా పరిశోధకుల బృందం బ్లేడ్ టీమ్ మెజెల్లన్ పేరుతో బయటపెట్టిన బగ్‌లు గుర్తున్నాయా? టెక్స్ట్ సెర్చ్ భాగంలో ఉన్నాయవి. క్రోమ్ బ్రౌజర్ అప్పట్లో వెబ్‌ఎస్‌క్యూఎల్ ద్వారా ఏ వెబ్‌పేజీనైనా ఎస్‌క్యూలైట్ మీద ఎస్‌క్యూఎల్ నడపనిచ్చేది. దాంతో యాప్‌లో కోరల్లేని పాము బ్రౌజర్‌లోకి వచ్చేసరికి కాటేసింది.

ఎస్‌క్యూలైట్‌లోనే ఇంకోటి మరీ విచిత్రం. సీవీఈ-2022-35737. ఆ కోడ్ రాసింది 2000లో. దాన్ని ముట్టించాలంటే రెండు గిగాబైట్ల స్థాయి స్ట్రింగ్ ఒకటి ఇవ్వాలి. 32 బిట్ మెషీన్ల కాలంలో అంత స్ట్రింగ్ ఎవడు ఇస్తాడు, ఎక్కడ పెడతాడు? 64 బిట్ మెషీన్లు వచ్చాయి, మెమరీ చవకైంది. ఒక్క లైన్ మారకుండానే, ఇరవై రెండేళ్ల తర్వాత అది భద్రతా లోపమైంది. దీన్ని నేను తప్పుగా తేల్చేవాణ్నా అంటే, 2000లో అయితే ఖచ్చితంగా మామూలు బగ్ అనేవాణ్ని. అప్పటికి అది కరెక్టే కూడా.

టైమైపోయిందంటున్నారు. చివరి ప్రశ్న, ఆ నీలం చొక్కా ఆయన.

(ప్రశ్న: "మాకు ఒక బగ్ దొరికింది. లోపమో కాదో మాకే తేలట్లేదు. ఎక్కడ రిపోర్టు చేయాలి?")

తేలకపోతే రహస్యంగానే పంపండి. పెద్ద డేటాబేస్‌లలో చాలావాటికి సెక్యూరిటీ రిపోర్టుల కోసం విడిగా ఒక ఈమెయిల్ చిరునామా ఉంటుంది. వాళ్లు చూసి మామూలు బగ్ అంటే, అప్పుడు పబ్లిక్ ట్రాకర్‌లో పెట్టడానికి అయిదు నిమిషాలు పట్టదు. ముందే పబ్లిక్‌లో పెడితే వెనక్కి తీసుకోలేరు, నా నాలుగు గంటల సంగతి విన్నారుగా. రాసేటప్పుడు మాత్రం "చాలా ప్రమాదకరం" అని మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టకండి. ఏ రోల్‌తో కనెక్ట్ అయ్యారు, ఆ రోల్‌కి ఏ అనుమతులు ఇచ్చారు, ఏ కమాండ్ కొట్టారు, కనిపించకూడనిది ఏం కనిపించింది. ఈ నాలుగూ రాసి, అనుమతులు ఇచ్చిన కమాండ్‌లతో సహా ఖాళీ డేటాబేస్ మీద మొదటినుంచీ నడిచే స్క్రిప్ట్ ఒకటి జతచేయండి. చాలాసార్లు ఆ స్క్రిప్ట్ రాస్తుండగానే మీకు తెలిసిపోతుంది, టెస్ట్ యూజర్‌కి ఎవరో ఎప్పుడో సూపర్‌యూజర్ ఇచ్చి మర్చిపోయారని.